తొమ్మిదో సూచన తర్వాత

పళ్ళు తోముకుంటూ, బ్రష్షు నోట్లోనే పెట్టుకుని అరగంటసేపు కిటికీలోంచి మబ్బుల్ని చూడగలిగే మనిషిని పరధ్యానం అనక ఇంకేమంటారు? ఆ పేరు పెట్టింది పెద్దమ్మ. పెట్టిన వేళావిశేషం ఏమిటో గానీ, ఆ తర్వాత అసలు పేరు ఎవరి నోటా వినపడలేదు. అలాంటి పిల్ల వెళ్ళి వెళ్ళి యూనివర్సిటీలో టెక్నికల్ రైటింగ్ కోర్సులో చేరింది. యంత్రాన్ని ఎలా నడపాలో, మందు ఎప్పుడు వేసుకోవాలో, మంటలు లేస్తే ఏ తలుపులోంచి బయటపడాలో జనానికి అర్థమయ్యేలా రాయడం నేర్పే కోర్సు అది.

"నువ్వు రాసిన కాగితం పట్టుకుని మంటల్లోంచి బయటపడాలంటే ఇక కాలిపోవడమే," అంది పెద్దమ్మ ఆ కబురు వినగానే.

పరధ్యానం నవ్వేసింది గానీ, ఆ మాటలో ఎంతో కొంత నిజం లేకపోలేదని తనకూ అనుమానమే. మొదటి నెలలో రాసిన రిపోర్టు చూస్తే ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. కెమిస్ట్రీ ల్యాబులో కారుతున్న కొళాయి గురించి మరమ్మతుల వాళ్ళకు ఒక పేజీ రాయమన్నారు. ఈవిడగారు నీటిచుక్క పడే చప్పుడు గురించి, చుక్కకూ చుక్కకూ మధ్య ఉండే నిశ్శబ్దం గురించి, సింకు అడుగున తుప్పు గీసిన బొమ్మ గురించి పేజీన్నర రాసి పడేసింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, అడుగున ఎర్రసిరాతో "చాలా బాగుంది. ఏ కొళాయి?" అని రాసి ఇచ్చారు.

ఆ మాస్టారిని పిల్లలు మౌనం మాస్టారు అనేవారు. ఆయన మాట్లాడరని కాదు, మొదలుపెడితే గంటకు గానీ ఆపరు. ఆ పేరు ఆయన పెట్టే పరీక్ష వల్ల వచ్చింది. యూనివర్సిటీకి రాకముందు ఆయన ఇరవై ఏళ్ళు ఆసుపత్రి యంత్రాలకు వాడకం పుస్తకాలు రాశారు. క్లాసులో ఎవరు ఏ వస్తువు మీద సూచనలు రాసినా, ఆ వస్తువును అంతకుముందు ముట్టుకోని మనిషిని ఎక్కడినుంచో పట్టుకొచ్చి, కాగితం చేతికిచ్చి, కానివ్వమనేవారు. రాసినవాళ్ళు వెనక వరసలో కూర్చుని చూడాలి. ఊరికే కూర్చోవడం కాదు, గుక్కెడు నీళ్ళు నోట్లో పోసుకుని కూర్చోవాలి. మింగకూడదు, ఉమ్మకూడదు. చదివే మనిషి పని ముగించేదాకా ఆ నీళ్ళు నోట్లోనే ఉండాలి. మింగితే పరీక్ష పోయినట్టే.

"మీ కాగితం చదివేవాడి వెంట మీరు వాళ్ళింటికి వెళ్ళరు కదా," అనేవారాయన, కాగితపు గ్లాసులు పంచుతూ. "అలా కాదండీ, నా ఉద్దేశం ఇదండీ అని చెప్పడానికి మీరక్కడ ఉండరు. లేకపోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి."

కాఫీ మిషను మీద సూచనలు రాసిన అమ్మాయి ఒకతి, చదివే మనిషి కప్పు పెట్టకుండానే బటన్ నొక్కబోయేసరికి తట్టుకోలేక ముందు వరసలో వాళ్ళ వీపులన్నీ తడిపేసింది. ఆ క్లాసులో నీళ్ళు నమలడమంటే అంత పని.

ఇక పెద్దమ్మ సంగతి. పరధ్యానం వాళ్ళమ్మకు సొంత అక్క. చదువుకోసం వచ్చిన పిల్లను తన రెండు గదుల క్వార్టర్స్‌లో పెట్టుకుంది. యూనివర్సిటీ నక్షత్రశాలలో చుక్కల యంత్రం నడిపేది ఆవిడే. బోర్లించిన గిన్నెలా తెల్లటి గుమ్మటం, దాని కింద గుండ్రంగా కుర్చీలు, మధ్యలో రెండు నల్లటి గోళాలను మోస్తూ ఒక ఇనుప యంత్రం. గోళాల నిండా సూదిమొనంత రంధ్రాలు. లోపల బల్బు వెలిగిందంటే రంధ్రానికొక చుక్క చొప్పున ఆకాశమంతా గుమ్మటం మీదికి వచ్చేస్తుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోజుకు రెండు ఆటలు. మా పెద్దమ్మ అందరికీ పగలే చుక్కలు చూపిస్తుందని పరధ్యానం స్నేహితులతో గొప్పగా చెప్పుకునేది. ఆట మధ్యలో ఫోను వెలిగించినవాళ్ళను అడిగితే వాళ్ళూ అదే మాట చెబుతారు, కాకపోతే అంత గొప్పగా చెప్పరు.

ఆ పెద్దమ్మ ఆ నెలాఖరుకు రిటైరవుతోంది. ఆవిడ పోస్టులో ఇంకెవరినీ వెయ్యరట. యంత్రాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి పదేళ్ళయింది. దాంతో వచ్చిన పుస్తకం ఎప్పుడో చెదల పాలైంది. ఆవిడకు తప్ప దాన్ని నడపడం ఎవరికీ రాదు. అందుకని నెలాఖరు తర్వాత యంత్రాన్ని విప్పించేసి, గుమ్మటం కింద పాత జవాబు కాగితాల కట్టలు పెట్టుకుంటామని హెడ్డుగారు తేల్చేశారు. డిపార్ట్‌మెంట్ హెడ్డంటే దుర్మార్గుడేం కాదు. గదులు చాలని మనిషి, అంతే.

ఈ సంగతి తెలిసి మౌనం మాస్టారు హెడ్డుగారి దగ్గరికి వెళ్ళి ఏం మాట్లాడారో గానీ, ఒక ఒప్పందం పట్టుకొచ్చారు. ఏ సంబంధమూ లేని మనిషి ఒకరు, పుస్తకం ఒక్కటే ఆధారంగా, ఎవరి సాయమూ లేకుండా చుక్కలు వెలిగించి, మళ్ళీ తెల్లవారించి చూపించగలిగితే యంత్రం ఉంటుంది. ఆఫీసులో ఎవరికి తీరిక ఉంటే వాళ్ళు నడుపుకుంటారు. లేకపోతే విప్పేవాళ్ళు వస్తారు. ఆ పుస్తకం రాయడమే పరధ్యానానికి ఆ ఏటి ప్రాజెక్టు.

పెద్దమ్మ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఏడవలేదు, తిట్టలేదు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది. తోమినవి కూడా మళ్ళీ తోమింది.

"రాయడానికేముందే అందులో?" అంది చేతులు తుడుచుకుంటూ. "కూర్చుంటే చేతులే చూసుకుంటాయి. చేతుల్ని అడుగు."

చేతుల్ని అడగాలని పరధ్యానానికి అప్పుడు తోచలేదు. నోటినే అడిగింది. మూడు వారాలు, వంటింటి బల్ల మీద, ట్యూబ్‌లైటు కింద. బల్ల మీద ఏది దొరికితే అదే యంత్రం. ఉప్పుడబ్బా తిప్పితే పొద్దుగూకుతుంది. పంచదార డబ్బా తిప్పితే చంద్రుడొస్తాడు. పోపుల పెట్టె మూత కాస్త జరిపితే ఆకాశమంతా పడమరకు తిరుగుతుంది. "బల్బు జాగ్రత్త," అని పెద్దమ్మ పదిసార్లు చెప్పింది. అది ఆఖరి బల్బు. ఇంకోటి ప్రపంచంలో ఎక్కడా దొరకదు. ముందు చల్లదనం కోసం లోపలి ఫ్యాను వెయ్యాలి, కాసేపు ఆగాలి, ఆ తర్వాతే బల్బు. పరధ్యానం రాసుకుంటూ రాసుకుంటూ మధ్యలో ఉప్పుడబ్బా వైపు చూస్తూ ఉండిపోయేది. నిజంగానే ఆ మూల ఎక్కడో పొద్దుగూకుతున్నట్టే ఉండేది తనకు. పెద్దమ్మ గరిటెతో బల్ల మీద కొట్టి మళ్ళీ వెనక్కి పిలిచేది.

అలా నలభై రెండు సూచనలు తయారయ్యాయి. ఈసారి నీటిచుక్కల నిశ్శబ్దాలు ఏమీ లేవు. ఒక్కో సూచనలో ఒక్కటే పని. వాటిలో తొమ్మిదోదంటే పరధ్యానానికి ప్రత్యేకమైన మమకారం. దాన్ని పదకొండుసార్లు తిరగరాసింది. "గుమ్మటం దీపాలన్నీ పూర్తిగా ఆర్పండి. ముప్ఫై తొమ్మిదో సూచన వచ్చేవరకు మళ్ళీ ఏ దీపమూ వెయ్యకండి. వేస్తే చూసేవారి కళ్ళు చీకటికి తిరిగి అలవాటు పడటానికి పావుగంట పడుతుంది." కారణం కూడా చెప్పాలని మాస్టారు నేర్పారు కాబట్టి కారణం కూడా చెప్పింది. ముఖ్యమైనది కాబట్టి లావు అక్షరాల్లో పెట్టింది.

పరీక్ష బుధవారం మధ్యాహ్నం మూడింటికి. మాస్టారు పట్టుకొచ్చిన మనిషి లైబ్రరీలో పుస్తకాలు కుట్టే బైండరు. సన్నగా, కళ్ళద్దాలతో, వేళ్ళ చివర ఎండిన జిగురుతో, ఏ పనైనా చెప్పినదాన్ని చెప్పినట్టు తు.చ. తప్పకుండా చేసే మనిషి. హెడ్డుగారు చేతులు కట్టుకుని మూడో వరసలో కూర్చున్నారు. పెద్దమ్మ ఆయనకు రెండు కుర్చీల అవతల. పరధ్యానం వెనక వరసలో, నోట్లో నీళ్ళతో.

మొదటి ఎనిమిది సూచనలూ వెన్నలా సాగిపోయాయి. బైండరు ఒక్కో వాక్యం కిందా వేలు పెట్టి చదివి, చదివింది చేసి, చేసినదాన్ని ఒకసారి చూసుకుని, తర్వాతి దానికి వెళుతున్నాడు. పరధ్యానానికి ప్రాణం లేచి వచ్చింది. తను అక్కడ లేకుండానే తన మాట ఒక మనిషి చేతిని నడిపిస్తోంది! అంతకంటే వింత ఇంకేముంటుంది?

బైండరు తొమ్మిదో సూచన చదివాడు. స్విచ్చి నొక్కాడు.

గుమ్మటం మాయమైంది. కుర్చీలు, మనుషులు, యంత్రం, అన్నీ మాయమయ్యాయి. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఆ చీకటంటే పరధ్యానానికి చిన్నప్పటినుంచీ ఇష్టం. అందులో తను ఎక్కడ అయిపోయి కుర్చీ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. తేలుతున్నట్టు ఉంటుంది. ఒక్క నిమిషం ఆమె పరీక్ష సంగతి కూడా మర్చిపోయి అలా తేలింది. ఎక్కడో దూరంగా కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. కాసేపటికి అదే కాగితం వెనక్కి తిప్పిన చప్పుడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అప్పుడు పరధ్యానం తేలడం మానేసి చెవులు రిక్కించింది.

"ఇక్కడ పదో సూచన ఉండాలండీ," అన్నాడు బైండరు చీకట్లోంచి, ఎంతో మర్యాదగా. "ఉండే ఉంటుంది. నాకు కనపడటం లేదు."

ఎవరూ పలకలేదు. పలకకూడదని మాస్టారు అందరికీ ముందే చెప్పారు.

"దీపం వేద్దామంటే వెయ్యొద్దని రాసుందండీ," అన్నాడు మళ్ళీ. "లావు అక్షరాల్లో రాసుంది."

ఇక ఆయన అలాగే కూర్చున్నాడు. ఇంకొకడైతే లైటు వేసి చదువుకుని, మళ్ళీ ఆర్పి ఎలాగోలా లాక్కొచ్చేవాడేమో. ఈయన ఆ రకం కాదు. పుస్తకం వద్దంది, ఆయన వెయ్యలేదు. నిమిషాలు గడిచాయి. తలుపు కింద సన్నటి వెలుగు గీత ఒక్కటే ఈ లోకంలో మిగిలినట్టుంది. పరధ్యానం నోట్లో నీళ్ళు వెచ్చబడ్డాయి. మూడు వారాలు వెలుగులో కూర్చుని, చీకట్లో చదవాల్సిన పుస్తకం రాసింది తను. ముప్ఫై సూచనలు, ఒక్కటీ ఎవరికీ కనపడని చోట! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పెద్దమ్మకైనా ఎలా తెలుస్తుంది? ఇరవై తొమ్మిదేళ్ళలో ఆవిడ యంత్రపు మీటల బల్ల ముందు కూర్చుని ఏనాడూ ఏదీ చదవలేదు.

చివరికి హెడ్డుగారు లేవబోయి మోకాలు దేనికో కొట్టుకున్నారు. "అమ్మా!" అన్న కేక వినగానే పెద్దమ్మకు ఓపిక అయిపోయింది.

"లైటు వెయ్యవయ్యా మహానుభావా! తెల్లారేలా ఉంది ఇక్కడే."

లైటు వెలిగింది. నోట్లో నీళ్ళు ఎప్పుడు మింగేసిందో పరధ్యానానికే తెలియదు.

హెడ్డుగారు మోకాలు రుద్దుకుంటూ మాస్టారి వైపు చూశారు. విప్పేవాళ్ళు వచ్చే గురువారం వస్తున్నారని, అంతకుముందు రోజు కావాలంటే ఇంకొక్కసారి చూస్తానని, అదే ఆఖరని చెప్పి వెళ్ళిపోయారు. పెద్దమ్మ పుస్తకాన్ని తీసి పరధ్యానం చేతిలో పెట్టింది. ఏదైనా అంటే బాగుండుననిపించింది పరధ్యానానికి.

మాస్టారు ఆమెను బయట మెట్ల మీద కూర్చోబెట్టారు. ఎండ కళ్ళలో పడుతోంది.

"ఎక్కడ కూర్చుని రాశావమ్మాయ్?"

"వంటింట్లో సార్."

"చదివేవాడు ఎక్కడ కూర్చుంటాడు?"

ఆయన బదులు కోసం ఆగలేదు. లేచి ప్యాంటు దులుపుకుని, "వెళ్ళి అక్కడ కూర్చో," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఆట ముగిశాక పెద్దమ్మా పరధ్యానం లోపలే ఉండిపోయారు. మొదట చిన్న ఎర్రటి టార్చి వెలిగించి చూశారు. ఆ కాస్త వెలుగుకే తెల్లటి గుమ్మటమంతా గులాబీ రంగుకు తిరిగింది. సన్నటి చుక్కలన్నీ తుడిచేసినట్టు పోయాయి. పాలపుంత జాడే లేదు. "ఈ మాత్రం దానికి బయటికెళ్ళి సందులో నిలబడి చూసుకోవచ్చు," అని పెదవి విరిచింది పెద్దమ్మ. టార్చి ఆర్పేశారు.

అప్పుడు పరధ్యానం కుర్చీ వెనక నిలబడి, రెండు చేతులూ చాచి పెద్దమ్మ మణికట్లు పట్టుకుంది.

"ఏం చేస్తున్నావే?"

"నువ్వు నడుపు పెద్దమ్మా. నేను పట్టుకుని ఉంటాను."

"చక్కిలిగింతలు పెట్టకు మరి."

చీకట్లో ఆ చేతులు కదిలాయి. పరధ్యానం కళ్ళు మూసుకుంది, మూసినా తెరిచినా ఒకటే అయినా సరే. ముసలి చేతులు, గిన్నెలు తోమి గరుకెక్కిన చేతులు, ఎంత నెమ్మదిగా వెళుతున్నాయో! ఎక్కడా వెతుక్కోవడం లేదు. నిద్రలో పక్కకు ఒత్తిగిల్లినంత తేలిగ్గా ఒక మీట నుంచి ఇంకో మీటకు జరుగుతున్నాయి. వాటి వెంట పోతుంటే తనే ఆ బల్ల మీద పుట్టి పెరిగినట్టనిపించింది. ఫ్యాను స్విచ్చి దగ్గరికి వెళ్ళాయి, నొక్కాయి. ఆ తర్వాత ఎడమ చెయ్యి బల్ల దాటి, పక్కనున్న యంత్రపు ఇనుప తొడుగు మీదికి వెళ్ళి, అరచేయి ఆనించి, అక్కడే ఆగిపోయింది.

"ఇదేమిటి పెద్దమ్మా?"

"ఏది?"

"ఎడమ చెయ్యి. ఇక్కడెందుకు పెట్టావు?"

పెద్దమ్మ తన చెయ్యి ఎక్కడుందో తనే వెతుక్కుంటున్నట్టుంది.

"నేనా? అక్కడ పెడతానా నేను?" అంది ఆశ్చర్యంగా. అంతలో తొడుగు లోపల సన్నగా వణుకు మొదలైంది. అరచేతికి తెలిసేంత వణుకు, చెవికి వినపడనంత. "ఆ, వచ్చింది. ఫ్యాను అందుకుంది. ఇప్పుడు బల్బు వెయ్యొచ్చు." మళ్ళీ ఆగి, "చూశావా, ఇది నీకు చెప్పనే లేదు నేను," అంది. ఆ గొంతులో భయం ఉంది. నిజమే మరి, పుస్తకంలో "కాసేపు ఆగండి" అని ఉంది. ఎంత కాసేపు? ఫ్యాను ఒక్కోరోజు వెంటనే అందుకుంటుంది, ఒక్కోరోజు మొండికేస్తుంది. బైండరు చీకట్లో చదవగలిగి ఉంటే ఆ ఆఖరి బల్బు ఏమయ్యేదో తలుచుకుని పరధ్యానం ఆ చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఐదు రోజులు అదే పని. పగటి చీకట్లో ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, మాట్లాడకుండా, ఒక ఆకాశాన్ని అలా లేపుతూ దించుతూ ఉన్నారు. పరధ్యానం లైబ్రరీకి వెళ్ళి బైండరు దగ్గర ముక్కలు అడిగింది. ఆయన ఎందుకని అడగలేదు. గట్టి అట్ట, కుట్టుదారం, గరుకు కాగితం, నున్నటి తోలు, మెత్తటి బట్ట, అన్నీ ఒక సంచిలో వేసి ఇచ్చాడు. "జిగురు ఆరేదాకా కదపొద్దు," అని మాత్రం రెండుసార్లు చెప్పాడు.

నలభై రెండు సూచనల పుస్తకం రెండు పేజీలకు దిగింది. వెలుగులో చెయ్యాల్సిన ఎనిమిది పనులు, ఆ తర్వాత వెలుగులోనే చదివి గుర్తుపెట్టుకోవాల్సిన నాలుగు మాటలు. దారం వెంట వేలు పోనివ్వండి. గరుకు తగిలితే నెమ్మదిగా చివరిదాకా తిప్పండి. నున్నగా తగిలితే నొక్కండి. బట్ట తగిలితే అరచేయి ఆనించి, వణుకు తెలిసేదాకా ఆగండి. అంతే. మిగతాదంతా బల్ల మీదే ఉంది. ముందంచున అట్టపట్టీ, దాని మీద వరసగా ముడులు. ఒక్కో ముడి నుంచి ఒక్కో దారం తన మీట దాకా వెళుతుంది. ఒక పని అయ్యాక మళ్ళీ పట్టీ దగ్గరికి వచ్చి తర్వాతి ముడి పట్టుకోవాలి. పరధ్యానం ఇన్నాళ్ళూ రాసిన వాటిలో అక్షరాలు లేనిది అదొక్కటే, అన్నిటికంటే బాగా రాసింది కూడా అదే.

బుధవారం వచ్చింది. హెడ్డుగారు లోపలికి వస్తూనే, "ఈసారి ఎవరిని పట్టుకొచ్చారు?" అని అడిగారు.

"ఈ యంత్రాన్ని ఎప్పుడూ ముట్టుకోని మనిషి కావాలి కదండీ," అన్నారు మౌనం మాస్టారు. "పదిహేనేళ్ళుగా దీనికి హెడ్డుగా ఉండి ఒక్కసారి కూడా ముట్టుకోనివారు మీకంటే ఎవరున్నారు?"

హెడ్డుగారు ఎర్రబడ్డారు. కాదనడానికి లేదు. కోటు విప్పి కుర్చీకి తగిలించి, రెండు పేజీలూ చదివి, బల్ల ముందు కూర్చున్నారు. పరధ్యానం నోట్లో నీళ్ళు పోసుకుంది. పెద్దమ్మ వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

ఎనిమిది పనులూ అయ్యాయి. దీపాలు ఆరాయి. చీకట్లో అట్ట మీద వేలు రాసుకుంటున్న సన్నటి చప్పుడు. ఫ్యాను స్విచ్చి టక్కుమంది. ఆ తర్వాత నిశ్శబ్దం. పరధ్యానానికి పక్క కుర్చీలో కదలిక తెలిసింది. పెద్దమ్మ చేతులు ఒళ్ళో ఊరుకోవడం లేదు. హెడ్డుగారి చేతులతో పాటు అవీ కదులుతున్నాయి. తడిమి చూస్తే, ఇప్పుడు ఎడమ అరచేయి కుర్చీ చేతి మీద ఆని ఉంది.

ఫ్యాను ఆరోజే మొండికేసింది. ఒక నిమిషం అయింది. రెండయ్యాయి. హెడ్డుగారు ఓపికకు పేరున్న మనిషి కాదు. ఆయన కుర్చీ కిర్రుమంది. వద్దు, చెయ్యి తియ్యొద్దు, అని పరధ్యానం లోపల లోపలే అరిచింది.

"ఆఁ," అన్నారు హెడ్డుగారు చీకట్లో, ఎవరో తన అరచేతిలో రహస్యం చెప్పినట్టు. "వణుకుతోంది."

చుక్కలు ఒక్కసారిగా రాలేదు. మొదట ఉన్నాయా లేవా అన్నట్టు నాలుగైదు. ఆ తర్వాత ఇంకొన్ని. ఆ తర్వాత లెక్క అందలేదు. ఒక మూల నుంచి ఇంకో మూలకు పాలపుంత పల్చగా పరుచుకుంది. నెమ్మదిగా ఆకాశమంతా పడమరకు తిరగడం మొదలైంది, కుర్చీలే తూర్పుకు తేలిపోతున్నట్టుగా. ఆ తిరుగుతున్న ఆకాశం కింద ఎంతసేపు గడిచిందో తెలియదు. పరధ్యానం కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నోట్లోవి మాత్రం కదలలేదు.

"మాస్టారూ," అన్నారు హెడ్డుగారు బల్ల దగ్గరినుంచి, గొంతు బాగా తగ్గించి. "రేపు ఆ విప్పేవాళ్ళని రావద్దని చెప్పాలి. గుర్తు చెయ్యండి."

పరధ్యానం పక్కకు తిరిగింది. చుక్కల వెలుగులో పెద్దమ్మ ముఖం కొద్దిగా కనపడుతోంది. ఆవిడ చేతులు ఇప్పుడు కదలడం లేదు. ఒళ్ళో ఒకదాని మీద ఒకటి ఊరుకున్నాయి. ఆవిడ తల పూర్తిగా వెనక్కి వాల్చి, ఉత్తరం వైపు చూస్తోంది. ఆ వైపు ఆకాశం ఎప్పుడూ ఆవిడ వీపు వెనకే ఉండేది. మీటల బల్ల యంత్రాన్ని ఆనుకుని దక్షిణం వైపుకే తిరిగి ఉంది మరి. ఎప్పుడైనా మెడ తిప్పి చూసి ఉంటుంది గానీ, చేతులు ఖాళీగా పెట్టుకుని ఎన్నడూ చూడలేదు. అక్కడ చుక్కలు అస్తమించవు. ధ్రువనక్షత్రం చుట్టూ అలా తిరుగుతూనే ఉంటాయి.

"ఇంక నాతో పనిలేదన్నమాట," అంది పెద్దమ్మ. బాధగా అందో, తేలికపడి అందో తెలియదు. బహుశా రెండూ. పరధ్యానం ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెప్పాలనుకున్నది చాలా ఉంది. చెప్పడానికి లేదు.

"ఎంత బాగుందే," అంది ఆవిడ మళ్ళీ, చిన్నపిల్లలా. "ఇన్నేళ్ళూ వీళ్ళందరికీ ఇంత బాగుండేదా?"

అవతల బల్ల మీద వేలు ఆఖరి ముడిని పట్టుకుంది. ఆ దారం తెల్లవారుజాము మీటకు వెళుతుంది. గరుకు కాగితం తగిలింది. హెడ్డుగారు తిప్పడం మొదలుపెట్టారు. తూర్పున గుమ్మటం అంచు బూడిదరంగుకు తిరిగింది, అక్కడి చుక్కలు పలచబడ్డాయి.

"అప్పుడే తెల్లవారించకు నాయనా," అంది పెద్దమ్మ. అక్కడ కూర్చున్నది ఎవరో, తను ఎవరితో అంటోందో ఆవిడకు గుర్తే లేదు. "కాసేపు ఉండనీ. ఇప్పుడే కూర్చున్నాను."

అలాంటి సూచన రెండు పేజీల్లోనూ లేదు, బల్ల మీద ఏ ముడిలోనూ లేదు. హెడ్డుగారు ఒక క్షణం ఆగారు. మీటను వచ్చినదారినే వెనక్కి తిప్పి, దాని మీదినుంచి చెయ్యి తీసేశారు.